ముగ్గులోకి దిగినవాళ్ళకు మాత్రమే: చుక్కలు చేతికి ఏం నేర్పుతాయి?

#1 తూర్పువాకిలి (చర్చ మొదలుపెట్టినవారు)

ధనుర్మాసం వచ్చేస్తోంది. ఏటా డిసెంబరు 16 అటూ ఇటూ నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా ఇక్కడ ముగ్గుల ఫొటోలే ఫొటోలు. ఈసారి వాటిని పక్కనబెట్టి ఒక సంగతి తేల్చుకుందాం. ముగ్గు ఓపిక నేర్పుతుంది, ఏకాగ్రత నేర్పుతుంది అని అందరం అంటాం. రేషన్ క్యూలో నిలబడినా ఓపిక వస్తుంది, దానికి ముగ్గెందుకు? ముగ్గు మాత్రమే నేర్పేది ఏమన్నా ఉంటే చుక్కలు, అంగుళాలు, పిండి పాళ్ళతో సహా రాయండి. ఏది తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది, దాంతో ఏం తెలిసొస్తుంది. షరతు ఒక్కటే: "మా అమ్మమ్మ ఇలా వేసేది", "మా వీధిలో మొదటి బహుమతి నాకే" లాంటివి వద్దు. వాటికి వేరే చర్చ నడుస్తోంది.

మొదటి మాట నాది. గీతలో కనబడే తప్పు గీతలో పుట్టదు, చుక్కల్లో పుడుతుంది. 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు అన్న ముగ్గే తీసుకోండి. నడిమి వరుసలో 15, దానికి పైన సందుల్లో పడేలా 14, 13... అలా 8 దాకా, కిందా అంతే. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. చివర్లో ఒక పువ్వు రేకు అతక్కపోతే చాలామంది ఆ రేకునే చెరిపి చెరిపి దిద్దుతారు. ఎన్నిసార్లు దిద్దినా అతకదు. వరుసలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్తే ఎక్కడో 12 ఉండాల్సినచోట 11 ఉంటాయి.

#2 బెత్తెడుకొలత

లెక్క సరిపోయినా ముగ్గు పాడయ్యే దారి ఇంకొకటుంది అక్కా, ఎడం. మనకు అందుబాటులో ఉండే కొలబద్ద బెత్తెడు. నాలుగువేళ్ళ వెడల్పు, ఇంచుమించు 3 అంగుళాలు. 15 చుక్కల మధ్య ఖాళీలు 14 కాబట్టి అడ్డంగా 42 అంగుళాలు. చాలామంది వరుసకీ వరుసకీ మధ్య కూడా అదే బెత్తెడు వదిలేస్తారు. అక్కడే మోసం. సందు చుక్కల్లో పక్కపక్క రెండు చుక్కలూ, వాటి సందు కింద పడే చుక్కా కలిసి సమత్రిభుజం కావాలి. అంటే 3 అంగుళాల ఎడానికి వరుసల మధ్య 2.6 చాలు. బెత్తెలో దాదాపు అర అంగుళం తగ్గించాలన్నమాట. తగ్గించకపోతే గుండ్రంగా రావాల్సిన ఆరు రేకుల పువ్వు నిలువుగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తుంది. తగ్గిస్తే 14 వరుస ఖాళీలకు 36 అంగుళాలు చాలు. వెడల్పు 42, నిలువు 36. వేసేముందు చీపురుపుల్ల ఒకటి 2.6కు విరిచి పెట్టుకుంటే పది రోజుల్లో పుల్ల అవసరం ఉండదు, చేతికి కొలత పట్టుబడుతుంది.

#3 సైటుమేస్త్రి

ఆడవాళ్ళ చర్చలో దూరుతున్నాను, తిట్టకండి. ఇల్లు కట్టేముందు మేమూ "ముగ్గు పోస్తాం" కదా, ఆ చనువుతో.

సరి చుక్కల ముగ్గుకు మా పద్ధతి పనికొస్తుంది. సరి చుక్కలంటే పై చుక్కకు తిన్నగా కిందే చుక్క. వీటిలో పై వరుస అర అంగుళం పక్కకు జరిగితే కింది వరుస కూడా దాన్నే చూసి జరుగుతుంది, ఆ కిందిదీ అంతే. తప్పు ఎక్కడా తగ్గదు. కాబట్టి మొదటి వరుస పెట్టగానే మూల చూసుకోవాలి. మూల నుంచి అడ్డంగా 3 అడుగులకో గుర్తు, నిలువుగా 4 అడుగులకో గుర్తు పెట్టండి. ఆ రెండింటి మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. చిన్న ముగ్గయితే 3 జానలు, 4 జానలు, 5 జానలు. చుక్కలన్నీ అయ్యాక మూల నుంచి మూలకు రెండు దారాలు పట్టండి, రెండూ సమానంగా ఉంటే నలుచదరం బాగున్నట్టు. ఒకటి రెండు వేళ్ళు ఎక్కువైతే చుక్కలన్నీ ఒక పక్కకు ఒరిగాయని అర్థం.

పునాది గుంట తవ్వాక దారం పట్టి లాభం లేదు. గీత మొదలయ్యాకా అంతే.

#4 లెక్కలపిచ్చి

మేస్త్రిగారు చెప్పిన దానికి చిన్న చేర్పు. సందు చుక్కల్లో ఈ జబ్బు తక్కువ, ఎందుకో గమనించారా? సందు చుక్క పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క చుక్కను చూసి పెట్టదు, రెండింటి నడుమ చూసి పెడుతుంది. పై రెండింటిలో ఒకటి అర అంగుళం జరిగినా కింది చుక్క పావు అంగుళమే జరుగుతుంది. ఆ కిందికి వెళ్ళేసరికి ఇంకా పలచబడుతుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సరి చుక్కల కంటే సందు చుక్కల ముగ్గే మన్నిస్తుంది, చూడ్డానికి కష్టంగా కనిపించినా.

కానీ నడిమి వరుసకు ఈ మన్నింపు లేదు. అన్నిటికంటే ముందు పెట్టేది అదే కాబట్టి, దానికి పైన చూసి పెట్టడానికి ఏమీ ఉండదు. ఎడమ నుంచి మొదలుపెట్టి వరసగా పెట్టుకుంటూ పోతే చెయ్యి చాచేకొద్దీ ఎడం మారిపోతుంది. ఎడమ సగం 22 అంగుళాలు, కుడి సగం 19 వస్తే ఆశ్చర్యం లేదు. మందు: ముందు మధ్య చుక్క, తర్వాత అటొకటి ఇటొకటి. 15లో ఎనిమిదోది మధ్యది, అటు 7, ఇటు 7. 9 చుక్కలకు, 17 చుక్కలకు ఇంకా సుఖమైన దారి ఉంది. రెండు చివరలూ పెట్టి మధ్యన ఒకటి, ఆ మధ్యలకు మధ్యన ఒకటి, అలా సగాలు చేసుకుంటూ పోవచ్చు. 17 చుక్కలకు ఖాళీలు 16 కాబట్టి 8, 4, 2, 1గా తెగుతుంది. 15కు 14 ఖాళీలు, ఒక్కసారి సగం చేయగానే 7 దగ్గర ఆగిపోతుంది.

#5 ఓరుగల్లువాకిట్ల

చుక్కలు, ఎడాలు సరే. కింద నేల సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? సాన్పి (పేడనీళ్ళ కల్లాపి) చల్లినంక వెంటనే ముగ్గేస్తే పిండి తడి పట్టి గీత ఉబ్బుతది, అంచులు చిక్కగుండవు. పూర్తిగ ఎండినంకేస్తే పిండి నేలను పట్టుకోదు, చిన్న గాలికే లేస్తది. నీళ్ళ మెరుపు పోవాలె, నేల రంగు మాత్రం ఇంక ముదురుగనే ఉండాలె. వేలు ఆనిస్తే చల్లగుండాలె, వేలికి మట్టి అంటొద్దు. గా నడిమి టైముల వేస్తే గీత సాయంత్రం దాక నిలుస్తది. చలికాలం పొద్దుగాల ఆ టైము జర ఎక్కువుంటది, ఎండాకాలం ఇట్లొచ్చి అట్ల పోతది.

పేడ గూడ ఎక్కువ కలుపొద్దు. బకెట్టు నీళ్ళల్ల రెండు పిడికిళ్ళు చాలు, చిక్కగైతే ఎండినంక పెచ్చులు లేస్తది, పెచ్చుతోటి ముగ్గు గూడ లేస్తది.

#6 మూడోఅంతస్తు

అపార్టుమెంటు వాళ్ళ సంగతి చెప్పండి. మాకు మట్టీ లేదు, పేడా లేదు. నున్నటి టైల్సు మీద పిండి జారిపోతోంది. గీత సన్నగా రావడం లేదు, కుప్పలు కుప్పలుగా పడుతోంది.

#7 బెత్తెడుకొలత

@మూడోఅంతస్తు, అది నేల తప్పు కొంత, వేళ్ళ తప్పు కొంత. టైల్సును తడిగుడ్డతో తుడిచి రెండు నిమిషాలు ఆగి వేయండి, పిండి పట్టుకుంటుంది. ఇక వేళ్ళు: పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాలి, మధ్యవేలు కింద ఆనుకోవాలి. గీత మందం నొక్కుడు వల్ల రాదు, చెయ్యి కదిలే వేగం వల్ల వస్తుంది. వేళ్ళు రాపాడే తీరు ఒకేలా ఉంచి చెయ్యి వేగంగా లాగితే సన్నగీత, నెమ్మదిగా లాగితే లావు గీత. ఎత్తు అంగుళం, అంగుళంన్నర. అంతకు మించితే గీత చెదురుతుంది. కుప్ప పడేది ఎక్కడో చూడండి: గీత మొదట్లో, మలుపులో, చివర్లో. మూడుచోట్లా చెయ్యి ఆగుతుంది, వేళ్ళు ఆగవు. చెయ్యి కదిలాక వేళ్ళు వదలాలి, చెయ్యి ఆగకముందే వేళ్ళు మూయాలి. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతావి వాటంతటవే వస్తాయి.

#8 పిండిమర

పిండి పాళ్ళు నేను రాస్తాను. ఉత్త బియ్యప్పిండి తేలిక, చెమట వేళ్ళకు ముద్దకడుతుంది, గాలికి లేస్తుంది. పైగా చీమలూ పిచ్చుకలూ తినేస్తాయి. అవి తినాలనే వేస్తాం కదా అంటారా, నిజమే, అప్పుడు సాయంత్రానికి గీత లేదని వాపోకూడదు. ఉత్త రాతి ముగ్గు బరువుగా జారుతుంది, గీత గట్టిగా నిలుస్తుంది. సగం సగం కలిపితే రెండు గుణాలూ వస్తాయి. కలిపాక పలచటి బట్టలో జల్లించండి. ఒక్క పలుకు వేళ్ళ మధ్య ఇరుక్కుంటే గీత అక్కడ తెగుతుంది.

కొనే ముగ్గులో ఒక్కోసారి సున్నం కలుస్తుంది. వేళ్ళ కొసలు పొడిబారి చీలుతుంటే అనుమానించాలి. పరీక్ష తేలిక: చిటికెడు ముగ్గును తడిపి అందులో చిటికెడు పసుపు కలపండి. ఎర్రగా తిరిగితే సున్నం ఉంది. ఇది తెలియకే రంగులేసేటప్పుడు చాలామంది బోర్లా పడతారు. చేమంతి రేకుల్లో ఇంటి పసుపు నింపితే, మంచు తడికి తెల్లగీత పక్కనంతా కుంకుమరంగు అంచు తేలుతుంది. పసుపు కల్తీ అని కొట్టువాడిమీద ఎగబడతారు. కల్తీ పసుపుది కాదు, ముగ్గుది.

రంగులకు: జల్లించి ఎండబెట్టిన సన్న ఇసుక 4 పాళ్ళు, రంగు 1 పాలు. ఇసుక దొరక్క ఉప్పు వాడేవాళ్ళున్నారు. పగటిపూట పోటీలకు బాగానే ఉంటుంది. రాత్రి వేసి ఉంచితే మంచుకు చెమ్మగిల్లి రంగు పక్కకు పాకుతుంది.

#9 తూర్పువాకిలి

@పిండిమర గారూ, ఆ పసుపు మాటే నేను అడిగింది. మరక పసుపులో ఉంది, కారణం తెల్లగీతలో ఉంది.

తడిపిండి సంగతి ఎవరైనా రాయండి. గడపలకు, దేవుడి గదిలో వేసేది.

#10 కావిగడప

తడిపిండికి గ్లాసు పాత బియ్యం 3 గంటలు నానబెట్టి మెత్తగా, వేళ్ళకు రవ్వ తగలనంతగా రుబ్బాలి. మజ్జిగలా జారేటట్టు నీళ్ళు పోయాలి. చిన్న గుడ్డముక్క అందులో ముంచి అరచేతిలో పెట్టుకుని, ఉంగరంవేలి మీదుగా జారేటట్టు నొక్కుతూ గీస్తారు. చిక్కగా ఉంటే ఎండాక పెచ్చులు ఊడుతుంది, పలచనైతే గీత పాకుతుంది.

దీనిలో ఒక తిరకాసుంది. వేసేటప్పుడు గీత సరిగా కనపడదు, నీళ్ళమరకలా ఉంటుంది. ఎండితేగానీ తెలుపు రాదు. అది తెలియనివాళ్ళు కనబడటం లేదని అదే గీతమీద రెండోసారి, మూడోసారి పోస్తారు. పావుగంట తర్వాత చూస్తే కొన్నిచోట్ల సన్నంగా, కొన్నిచోట్ల వేలెడు లావు. ఒక్కసారే పోసి వదిలెయ్యాలి. జాజు పూసిన ఎర్రగచ్చు మీదయితే తేడా బాగా తెలుస్తుంది, జాజు మాత్రం ముందురోజే పూసి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే తెలుపు గులాబీరంగుకు తిరుగుతుంది.

#11 లెక్కలపిచ్చి

ఇప్పుడు నా ఇష్టమైన చోటికి వస్తున్నా, మెలికల ముగ్గు. కొందరు తిప్పుడు ముగ్గంటారు, తమిళులు సిక్కు కోలం అంటారు. చుక్కల్ని కలపకుండా చుట్టూ తిరుగుతూ, మొదలుపెట్టిన చోటికే చేరే గీత. "చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో వేసింది" అని మురుస్తుంటారు. అది చేతి గొప్ప కాదు, చుక్కల లెక్క.

సరి చుక్కల దీర్ఘచతురస్రంలో మామూలు మెలిక వేస్తే ఎన్ని విడి గీతలు వస్తాయో ముందే చెప్పొచ్చు. అడ్డం ఎన్ని చుక్కలు, నిలువు ఎన్ని వరుసలు అన్నవాటికి గ.సా.భా. (రెంటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంతో అన్ని గీతలు. 5×4కు ఒకటే గీత. 6×4కు రెండు. 4×4కు నాలుగు, ఎంత నైపుణ్యం ఉన్నా నాలుగే.

చిన్నది వేసి చూడండి. పై వరుసలో అ, ఆ, ఇ. కింద వరుసలో క, చ, ట. అ ఎడమ నుంచి దాని తలమీదుగా వచ్చి అ-ఆ సందులోంచి దిగండి. ఆ-చ సందు, చ-ట సందు దాటి ట కిందుగా తిరిగి, ట కుడిపక్కకు ఎక్కి ట-ఇ సందు, ఇ-ఆ సందు మీదుగా ఆ తలమీదికి రండి. అక్కణ్ణుంచి ఆ-అ సందు, అ-క సందు దిగి క ఎడమ, క కింద చుట్టి క-చ సందు ఎక్కండి. చ-ఆ సందు, ఆ-ఇ సందు దాటి ఇ తల, ఇ కుడి చుట్టి ఇ-ట, ట-చ సందుల్లో దిగండి. చ కిందుగా వచ్చి చ-క, క-అ సందులు దాటితే మొదలుపెట్టిన చోటికే వచ్చారు. పక్కపక్క చుక్కల సందులు 7, ప్రతి సందులో గీత రెండేసిసార్లు దాటింది. వేసింది సరో కాదో చూసే పద్ధతి కూడా ఇదే: ఏ సందులోనైనా గీత ఒక్కటే ఉంటే ఎక్కడో తప్పారు, లేదా ఇంకో చుట్టు మిగిలింది.

#12 మూడోఅంతస్తు

మరి 4×4 వాకిలే ఉన్నవాళ్ళ గతేమిటి? ఒకే గీత రాదా?

#13 లెక్కలపిచ్చి

వస్తుంది, కాకపోతే ఎక్కడో ఒక మెలిక వదులుకోవాలి. రెండు వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే సందు ఒకటి ఎంచుకుని, అక్కడ దాటనివ్వకుండా రెంటినీ వెనక్కి తిప్పండి. ఆ రెండూ కలిసి ఒకటైపోతాయి. నాలుగు గీతలకు అలాంటి చోట్లు మూడు చాలు. కానీ చోటు చూసుకోవాలి. ఒకే గీత తన్ను తానే దాటే సందులో ఇలా తిప్పితే ఒకటి రెండుగా విడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు కాగితం మీద నాలుగు రంగుల్లో నాలుగు గీతలూ వేసి, రెండు రంగులు కలిసే సందుల్లోంచే ఎంచుకోవాలి.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970లలోనే కోలాలను కంప్యూటరు భాషల వ్యాకరణంతో వివరించారు. అంగోలాలో చోక్వే జనం ఇసుకలో ముందు వేళ్ళతో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఎత్తకుండా గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. మన వాకిలికీ వాళ్ళ ఇసుకకూ చుట్టరికం లేదు, లెక్క మాత్రం ఒకటే.

#14 సైటుమేస్త్రి

మాస్టారూ, ఇది బాగుంది. చెయ్యి తిరగలేదని తిట్టుకునేవాళ్ళు చాలామంది అసలు 6×6లో ఒకే గీత కోసం వెతుకుతున్నారన్నమాట!

#15 డాలస్‌డ్రైవ్‌వే

ఇక్కడ డాలస్‌లో గాలి పిండిని నిలవనివ్వదు, డ్రైవ్‌వే మీద సుద్దముక్కలే గతి. లావు సుద్ద కొసను నీళ్ళలో ముంచి గీస్తే వేసేటప్పుడు మసకగా ఉన్నా ఆరాక తెల్లగా తేలుతుంది. కావిగడప గారు చెప్పిన తడిపిండి లక్షణమే. మొత్తం ముక్కను నానబెట్టకండి, మధ్యలో విరుగుతుంది. గరుకు కాంక్రీటు సుద్దను తినేస్తుంది, 15 చుక్కల ముగ్గుకు రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకోండి.

తప్పు పడితే? తడిగుడ్డతో రుద్దితే తెల్లటి పొర పరుచుకుంటోంది.

#16 ఓరుగల్లువాకిట్ల

పిండైనా సుద్దైనా ముందుగాల్ల నీళ్ళు పెట్టొద్దు. ఎండు బ్రష్షుతోటి, లేకుంటే మెత్తటి చీపురుతోటి లోపల్నుంచి బయటికి ఎత్తుకోవాలె. మొత్తం పోయినంకనే తడిగుడ్డ, అదిగూడ నీళ్ళు పిండేసి ఒక్కసారి ఒత్తి తియ్యాలె, రుద్దొద్దు. మట్టి వాకిట్లయితె తప్పు చుక్క కింది మట్టితో సహా గోటితోని గీకి తీస్తె సరి.

ఇంకొకటి, ఎట్లేసినా మర్నాడు పొద్దుగాల ఊడ్చి సాన్పి చల్లుడే. మంచిగొచ్చిందని నిన్నటి ముగ్గు మీద నీళ్ళు చల్లకుంట పక్కకేస్తె వారానికి వాకిలి సగమైతది.

#17 కావిగడప

అది ఒప్పుకోను. పాత గీత జాడ కొంచెం మిగిలి ఉంటే కొత్తవాళ్ళు దాని ఎడం చూసుకుని చుక్క పెట్టుకోవచ్చు. నేర్చుకునే నెలరోజులూ అలా చేస్తే తప్పేమీ లేదు.

#18 ఓరుగల్లువాకిట్ల

జాడ తప్పుదైతె అక్కా? నిన్నటి వంకరనే ఇయ్యాల గూడ దిద్దుకుంటరు.

#19 బెత్తెడుకొలత

ఇద్దరిదీ నిజమే. జాడ మీద వేస్తే చెయ్యి తిరుగుతుంది, చుక్కల లెక్క మాత్రం రాదు. రెండూ వేరు పనులు.

ఒక్క విషయం మిగిలింది, వేసే వరస. మధ్య పువ్వుతో మొదలుపెట్టి బయటికి రావాలి. ఆరు రేకులూ ముందు, ఆ తర్వాత చుట్టూ ఒక్కో వరస. ఒక మూల పూర్తిచేసి ఇంకో మూలకు వెళ్ళొద్దు. మొదటి మూలకు చెయ్యి నిదానంగా ఉంటుంది, ఆఖరి మూలకు నడుం నొప్పెట్టి తొందర వస్తుంది, ఆరు మూలలూ ఆరు తీర్లుగా ఉంటాయి. చుట్టూ తిరుగుతూ వేస్తే అలసట ఆరింటికీ సమానంగా పడుతుంది. కుచ్చెళ్ళు ఎత్తి, పైట చెంగు బిగించి దోపుకోండి. పాడైన ముగ్గుల్లో సగం చెంగు పనే.

#20 మూడోఅంతస్తు

అందరికీ నమస్కారాలు. చివరి ప్రశ్న. మా తలుపు ముందు 3 అడుగుల వెడల్పు ఉంది, మనుషులు నడవడానికి ఒక పక్క అడుగు వదలాలి. సందు చుక్క ముగ్గు ఎన్ని చుక్కలది పడుతుంది?

#21 బెత్తెడుకొలత

మిగిలేది 24 అంగుళాలు. బెత్తెడు ఎడానికి 8 ఖాళీలు, అంటే 9 చుక్కలు. 9 నుంచి 5 వరకు సందు చుక్క, 9 వరుసలు, మొత్తం 61 చుక్కలు. బెత్తెడు ఎడానికే అయితే నిలువు 21 అంగుళాలు. 8 ఖాళీలే కాబట్టి లెక్కలపిచ్చి మాస్టారు చెప్పినట్టు రెండు చివరలూ పెట్టి సగాలు చేసుకోండి. చివరి చుక్క బయట గీత తిరగడానికి చుట్టూ అంగుళంన్నర కావాలి, కాబట్టి బెత్తెను రెండున్నర అంగుళాలకు కుదించండి, వరుసల మధ్య 2 అంగుళాల పైన చిన్న గీటంత. తలుపు బయటికి తెరుచుకునేదైతే ముందు రెక్క తెరిచి అది ఎంతవరకు వస్తుందో సుద్దతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు అవతల మొదలుపెట్టండి.